మెత్తబడిన కన్ను

కంటిగుడ్డు చూచుటకు గోళీవలె గట్టిగా కనిపించును గాని, నిజమునకు అది నీటితో నిండిన చిన్న తిత్తి వంటిది. తిత్తిలో నీరు నిండుగా నున్నంతకాలము దాని రూపము నిలుచును. నీరు తగ్గినచో ముడుతలు పడును. లోపలి నీటి ఒత్తిడియే కంటికి గుండ్రదనము నిచ్చుచున్నది. ఆ గుండ్రదనమే చూపునకు ఆధారము. ఈ ఒత్తిడి మితిమీరినపుడు కలుగు చేటును మనవారు నీటికాసులు అను పేరుతో ఎరుగుదురు. కాని దెబ్బ తగిలిన పిదప ఒత్తిడి పడిపోయి కన్ను మెత్తబడుట అను మరియొక ఆపద కలదు. దానిని గురించి విన్నవారు అరుదు. వైద్యశాస్త్రము సైతము గట్టిపడిన కంటిని అర్థము చేసికొనిన చాలకాలమునకు గాని మెత్తబడిన కంటిని అర్థము చేసికొనలేదు. ఆ చరిత్రను తెలిసికొనుట వలన మన ఇండ్లలో కొన్ని కన్నులైనను నిలుచునని చెప్పవచ్చును.

కరీంనగరము నుండి పెద్దపల్లికి పోవు బాటలో సుల్తానాబాద్ ఉన్నది. 2016వ సంవత్సరము వరకు కరీంనగర్ జిల్లాలోను, అటుపిమ్మట పెద్దపల్లి జిల్లాలోను చేరిన ఈ పట్టణము చుట్టును వరిపొలములు, ఊరిలో బియ్యపు మిల్లులు కలవు. ఈశాన్యమున గోదావరిఖని బొగ్గుగనులు. గోదావరి దాటినచో పత్తిచేలతో, అడవులతో నిండిన ఆదిలాబాదు ప్రాంతము. ఇట్టి చోట్ల మనుష్యుని కన్ను పనిముట్లకు, పంటకు, పశువులకు మిక్కిలి దగ్గరగా బ్రతుకవలసియున్నది. కలుపు తీయుటకు వంగినపుడు గుచ్చుకొను ఆకుకొన, కంచె నరకునపుడు విదిలించికొట్టు తుమ్మకొమ్మ, ఎండిన పత్తికట్టె, తల విదిలించిన ఎద్దు కొమ్ము, సుత్తిదెబ్బకు ఎగిరిన ఇనుపముక్క, పిల్లల చిర్రగోనె ఆటలో గాలిలోనికి లేచిన పుల్ల, ఇవి యన్నియు కంటికి శత్రువులే. వీనిలో కొన్ని కంటిని చీల్చును. మరికొన్ని పైకి చిన్నగాయమైనను కనబడకుండ లోపలి అమరికను చెరుచును. రెండు విధములను కన్ను మెత్తబడవచ్చును.

ముందుగా ఆరోగ్యవంతమైన కంటి పద్ధతిని గ్రహింతము. కంటిలోని రంగుతెర వెనుక వలయాకారమున ఒక కండరభాగము కలదు. వైద్యులు దానిని సిలియరీ అంగమందురు. అది రక్తము నుండి నిర్మలమైన నీటిని నిమిషమునకు రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఊరించుచుండును. ఒక మైక్రోలీటరనగా మిల్లీలీటరులో వేయవ వంతు. ఆ నీరు కంటిపాప గుండ ముందుగదిలోనికి వచ్చి, రంగుతెరయు శుక్లపటలమును కలియు మూలలోని జల్లెడ వంటి మార్గమున బయటికి పోయి రక్తములో కలియును. ఊట యెంతయో పోత యంత. ఇదియే చెరువు నీతి. ఊటకును పోతకును సమత కుదిరినచో ఒత్తిడి సాధారణముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానముగా నుండును. అది 5 మిల్లీమీటర్లకు దిగువకు పడి అక్కడనే నిలిచినచో కంటికి ప్రమాదము దాపురించినదని తలపవలయును.

ప్రాచీన భారతీయ వైద్యులు నేత్రాభిఘాతమును, అనగా కంటిదెబ్బను, ఉపేక్షింపలేదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున దీనికొక ప్రత్యేకాధ్యాయమే కలదు. అందు వెలికి పొడుచుకొనివచ్చిన కంటికి ఒక చికిత్సయు, లోనికి కుంగిన కంటికి మరియొక చికిత్సయు చెప్పబడినవి. ఊపిరి బిగబట్టుట, తుమ్ము తెప్పించుట మొదలైన ఉపాయములచే కుంగిన కంటిని పైకి తేవచ్చునని ఆ కాలమువారు భావించిరి. కుంగిన కన్నెల్ల మెత్తబడిన కన్ను కాదు; కంటిగూటి ఎముక విరిగినను కన్ను కుంగవచ్చును. అయినను దెబ్బతిన్న కంటి ఆకారమును చూచి దాని లోపలి స్థితిని ఊహింపవలెనను ఆలోచన ఆనాడే పుట్టినదని ఒప్పుకొనవలయును. నేటి వైద్యులు మాత్రము ఆ ఉపాయములను అనుమతింపరు. చిరిగిన కంటిలో తుమ్ము, దగ్గు, వాంతి లోపలి పదార్థములను బయటికి నెట్టివేయును.

ఒత్తిడిని కొలుచుట ఐరోపాలో వ్రేలితో మొదలైనది. రోగి రెప్ప మూసి క్రిందికి చూచుచుండగా వైద్యుడు రెండు చూపుడువ్రేళ్ళను రెప్పపై ఆనించి కన్ను గట్టిగా నున్నదో మెత్తగా నున్నదో తెలిసికొనెడివాడు. 1862లో లండను శస్త్రవైద్యుడు విలియం బౌమన్ ఈ స్పర్శకు ఒక లెక్క యేర్పరచెను. గట్టిదనమునకు ధనచిహ్నముతో మూడు మెట్లు, మెత్తదనమునకు ఋణచిహ్నముతో మూడు మెట్లు. బౌమనుకు ముఖ్యముగా కావలసినది గట్టిదనమే, ఏలయనగా ఆనాటి నేత్రవైద్యుల మనస్సులన్నియు నీటికాసుల మీదనే యుండెను. అయినను మెత్తదనమునకు సైతము కాగితముపై చోటు దొరకినది. తరువాత నార్వే దేశీయుడు యాల్మార్ షియోట్స్ 1905లో ఒక చిన్న పరికరమును వైద్యుల చేతికిచ్చెను. మొద్దుబారిన చిన్న కడ్డీ కంటిపై ఆని ఎంత దిగునో దానినిబట్టి సూచిక కదలును. గట్టి కంటిపై అది కొలదిగా దిగును. మెత్తని కంటిపై లోతుగా దిగును. 1950లలో స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున హాన్స్ గోల్డ్‌మాన్ ఇంతకంటె సూక్ష్మమైన పరికరమును నిర్మించెను. నేటికిని దానినే ప్రమాణముగా గొందురు.

కొలత చేతికి వచ్చెను గాని కారణము దొరకవలసియుండెను. దెబ్బతిన్న కన్ను ఏల మెత్తబడును? చెరువు ఎండుటకు గండి కారణము కావచ్చును, కనబడని బుంగ కారణము కావచ్చును, ఊటయే నిలిచిపోయి యుండవచ్చును. కంటి విషయమునను ఈ మూడే ప్రధానకారణములు. వైద్యులు వీనిని ఒక్కొక్కటిగ కనుగొనిరి.

మొదటిది గండి. ముల్లో ఇనుపముక్కయో శుక్లపటలమును చీల్చినచో నీరు బయటికి కారును. పెద్దగాయము కంటికి కనిపించును. కాని సూదిమొన వంటి గాయము నుండి నీరు ఊరుచున్నదో లేదో తెలియుట కష్టము, ఏలయనగా అది కన్నీటిలో కలిసిపోవును. 1921లో జర్మను వైద్యుడు ఎరిక్ జైడెల్ దీనికొక సులభోపాయము చూపెను. ఫ్లోరెసీన్ అను నారింజరంగు మందును గాయముపై పూసి చూచినచో, లోపలి నుండి వచ్చు నీరు ఆ రంగును పలుచనచేసి ఆకుపచ్చని సన్నని ధారగా కనిపించును. ఈ పరీక్ష ఒక శతాబ్దము గడచినను వాడుకలోనే యున్నది.

గండి కనబడినచో పూడ్చుట తరువాతి పని. కంటికి కుట్లు వేయవలెనన్నచో కన్ను కదలరాదు, రోగి బిగుసుకొనరాదు. 1884లో వియన్నా నగరమున కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలచే కంటిని మొద్దుబరచు విధమును కనుగొనెను. నిద్రమత్తు విషయమున మన హైదరాబాదునకు కూడ చరిత్రలో చోటున్నది. మీర్ మహబూబ్ అలీఖాన్ నిజామైయున్న కాలమున ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని ప్రోద్బలముచే క్లోరోఫారం ఎంతవరకు సురక్షితమో పరీక్షించుటకు 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములు హైదరాబాదున కూర్చుండెను. వాని నిర్ణయములను తరువాతి శాస్త్రము సవరించినను, నొప్పి లేని శస్త్రచికిత్సకై ఈ నగరమున జరిగిన కృషి ప్రపంచదృష్టి నాకర్షించెను. నేడు చీలిన శుక్లపటలమును వెండ్రుక కంటె సన్నని నైలాన్ దారముతో సూక్ష్మదర్శిని క్రింద కుట్టుచున్నారు. అతిచిన్న గాయమైనచో మెత్తని కాంటాక్టు కటకముచే కప్పియో, ప్రత్యేకమైన జిగురుచే మూసియో మాన్పుచున్నారు.

రెండవది కనబడని బుంగ. చరిత్రలో అన్నిటికంటె వింతయైన ఘట్టమిది. బంతియో, కట్టెయో, కొమ్ముయో మొద్దుగా తగిలినచో కన్ను చీలకపోవచ్చును. కాని ఆ తాకిడికి కన్ను ఒక్క క్షణము నొక్కుకొని ప్రక్కలకు సాగును. అప్పుడు సిలియరీ అంగము చిరుగవచ్చును, లేదా దృఢస్తరమును అంటియున్న చోటు నుండి ఊడవచ్చును. 1892లో లండనులో ట్రీచర్ కాలిన్స్ దెబ్బతిన్న కన్నులను సూక్ష్మదర్శినితో పరిశీలించి ఈ భాగమునందలి చీలికలను వర్ణించెను. 1900లో వియన్నాలో ఎర్న్‌స్ట్ ఫూక్స్ శుక్లముల శస్త్రచికిత్స పిదప కొందరి కన్నులు మెత్తబడి, రక్తపటలము గోడ నుండి ఊడిపోవుటను గమనించెను. సిలియరీ అంగపు మొదట ఏర్పడిన చీలిక గుండ నీరు లోపలి పొరల నడుమకు జారుచున్నదని ఆయన నిర్ణయించెను. నీరు బయటికి కారుట లేదు, గాయము కనబడుట లేదు. అయినను కన్ను మెత్తబడుచున్నది.

ఈ సంగతిని తలక్రిందులుగా ఉపయోగించినవాడు జర్మను వైద్యుడు లియోపోల్డ్ హైనె. దెబ్బచే సిలియరీ అంగము ఊడినచో ఒత్తిడి పడిపోవుచున్నది గదా, అట్లయినచో ఒత్తిడి పెరిగి బాధపడు నీటికాసుల రోగికి మనమే దానిని కొంచెము ఊడదీయరాదా అని యాలోచించి, 1905లో అట్టి శస్త్రచికిత్సను ప్రకటించెను. అది అనేక సంవత్సరములు వాడుకలో నుండెను. కాని ఫలితము వైద్యుని అదుపులో నుండలేదు. కొందరికి ఒత్తిడి మరల పెరిగెను. కొందరికి మితిమీరి తగ్గెను. అంతకంటె మేలైన పద్ధతులు వచ్చిన పిమ్మట ఆ చికిత్స దాదాపు మరుగున పడెను. ప్రమాదము నేర్పిన పాఠమును మందుగా మార్చుటలో వైద్యులు చూపిన తెగువకును, ఆ తెగువకున్న హద్దునకును ఇది చక్కని నిదర్శనము.

ఆ బుంగను బ్రతికియున్న రోగి కంటిలో చూచుటెట్లు? కంటిమూల నుండి వచ్చు వెలుగు శుక్లపటలములోనే వెనుకకు మరలుట వలన ఆ చోటు వైద్యుని కంటికి కనబడదు. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున కంటిపై నానించు ప్రత్యేకకటకములు ఏర్పడిన పిమ్మట గాని ఈ చిక్కు తొలగలేదు. గోల్డ్‌మాన్ నిర్మించిన అద్దపు కటకముచే మూలను చుట్టును పరిశీలింపవచ్చును. మిక్కిలి మెత్తబడిన కంటిలో ఇదియు కష్టమే. 1990 ప్రాంతమున కెనడాలోని టొరంటో నగరమున చార్లెస్ పావ్లిన్ మొదలగువారు అతిధ్వని తరంగములతో కంటి ముందుభాగమును సూక్ష్మముగా చిత్రించు విధమును రూపొందించిరి. దానిచే ఊడిన చోటును కొలచి చూపవచ్చును.

బుంగ చిన్నదైనచో తొలుత మందులతోనే ప్రయత్నింతురు. అట్రోపిన్ చుక్కలు సిలియరీ కండరమును సడలించి, ఊడిన భాగము గోడకు మరల అంటుటకు తోడ్పడును. మన ఊళ్ళలో పెరుగు ఉమ్మెత్తలో సైతము ఈ జాతి విషద్రవ్యములు కలవు. అంతమాత్రముచే ఆకుపసరును కంటిలో పిండరాదు. కొలతలేని విషము కంటికే గాక ప్రాణమునకు సైతము హాని చేయును. మందులచే మూయని బుంగను లేసరు కిరణముచే అంటించుటయో, కుట్లచే బిగించుటయో చేయుదురు. ఇచ్చట రోగి ఎరిగి యుండవలసిన విశేషమొకటి కలదు. బుంగ మూసికొనిన వెంటనే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి తీవ్రమైన నొప్పి, తలనొప్పి కలుగవచ్చును. అది చికిత్స విఫలమైనదనుటకు గుర్తు కాదు. అనేక పర్యాయములు చికిత్స ఫలించినదనుటకే గుర్తు. కాని దానికి సైతము వెంటనే మందు కావలయును గనుక ఆ రోగి వైద్యునికి దూరముగా నుండరాదు.

మూడవది ఊట నిలిచిపోవుట. దెబ్బ వలన కంటిలో వాపు పుట్టినచో సిలియరీ అంగము నీటిని ఊరించుట తగ్గించివేయును. వాపునకు స్టిరాయిడు మందులు 1950ల నుండి నేత్రవైద్యమున వాడుకలోనికి వచ్చి పెక్కు కన్నులను రక్షించినవి. కాని తీవ్రమైన గాయముల పిదప కంటిలో మచ్చపొరలు పెరిగి సిలియరీ అంగమును లోనికి లాగివేయును. పూర్వము ఇట్టి కన్నులకు ఆశ లేకుండెను. అవి క్రమముగా చిన్నవై, ముడుతపడి, చివరకు గ్రుడ్డివగుచుండెను. 1970లో అమెరికాలోని మయామీ నగరమున రాబర్ట్ మాకెమర్ కంటి వెనుకభాగపు జిగురుపదార్థమును చిన్న రంధ్రము గుండ కత్తిరించి తీయు పద్ధతిని ప్రారంభించెను. అప్పటి నుండి ఆ మచ్చపొరలను తొలగించుట సాధ్యమైనది. అవసరమైనచో కంటి ఆకారము నిలుచుటకై సిలికాన్ నూనెను నింపుచున్నారు. అయినను ఊట పూర్తిగా నశించిన కంటికి దానిని మరల తెప్పించు మందు నేటికిని లేదు. ఈ కారణముచేతనే కాలము విలువైనది. నేత్రపటలము ఊడినను ఒత్తిడి తగ్గును గనుక వైద్యులు మెత్తని కంటిలో దానికొరకు సైతము తప్పక వెదకుదురు.

మెత్తదనము చూపును ఎట్లు చెరుచును? గోడ సడలినచో దానిపై పరచిన తెర ముడుతపడును. నేత్రపటలము మధ్య మన సూక్ష్మదృష్టికి ఆధారమైన పచ్చచుక్క కలదు. కంటిగోడ లోనికి సడలగా ఈ చుక్కపై మడతలు పడి, గీతలు వంకరగా కనిపించి, అక్షరములు చెదరును. 1972లో అమెరికా వైద్యుడు డోనాల్డ్ గాస్ ఈ స్థితికి ప్రత్యేకమైన పేరుపెట్టి దానిని వైద్యుల దృష్టికి తెచ్చెను. ఒత్తిడిని సకాలమున సరిచేసినచో చూపు చాలవరకు మరలుటకు అవకాశము కలదు. ఆలస్యము పెరిగిన కొలది మడతలు స్థిరపడును. ఇచ్చటనే మెత్తబడిన కంటి మోసము దాగియున్నది. ఒత్తిడి ఒక్కసారిగా మిక్కిలి పెరిగి గట్టిపడిన కన్ను తరచుగా నొప్పితో కేకపెట్టును. మెత్తబడిన కన్ను పెక్కుసారులు మౌనముగా నుండును. దెబ్బ తగిలిన కొన్నాళ్ళకు నొప్పి తగ్గి, ఎరుపు విరిగినంతనే మానినదని ఇంటివారు సంతోషింతురు. చూపు మసకగా నుండుటను దెబ్బ బడలిక యని సరిపెట్టుకొందురు.

ఇది మన ప్రాంతమునకు దూరపు ముచ్చట కాదు. 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమను పేర ఒక విస్తృతమైన పరిశీలన జరిగెను. హైదరాబాదు నగరముతో పాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమగోదావరి జిల్లాల పల్లెలను అందు చేర్చిరి. 10,293 మందిని పరీక్షించిరి. వారిలో 7,771 మంది పల్లెవాసులు. ఆ పల్లెవారిలో నూటికి సుమారు ఏడెనిమిదిమంది ఎప్పుడో ఒకప్పుడు కంటిదెబ్బ తిన్నవారేయని తేలినది. ఆ దెబ్బలలో సగమునకు కొంచెము తక్కువ ముల్లు, కొమ్మ మొదలగు వృక్షసంబంధమైన వస్తువుల వలన కలిగినవే. అనగా మన పల్లెలలో కంటికి ప్రధానశత్రువు యంత్రము కాదు. మనము నిత్యము చేతబట్టు మొక్కయే.

వైద్యము కూడ ఆ పల్లెలకు చేరువగుటకు ప్రయత్నములు జరిగినవి. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ తన తొలి గ్రామీణకేంద్రమును 1996లో ఆనాటి ఆదిలాబాదు జిల్లాలోని ముథోల్‌నందు నెలకొల్పెను. ముథోల్ నేడు నిర్మల్ జిల్లాలో నున్నది. బస్సెక్కి ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణము చేయవలసిన రోగి, నొప్పి తగ్గినంతనే ప్రయాణము మానుకొనుట సహజము. వైద్యుడు చేరువనున్నచో నొప్పి తగ్గినను ఒకసారి చూపించుకొని పోదమను బుద్ధి పుట్టును. మౌనముగా నుండు వ్యాధిని పట్టుకొనుటకు ఈ చేరువతనమే ముఖ్యసాధనము.

ఇక ప్రతి ఇంటను గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. దెబ్బతిన్న కంటిని నలుపరాదు, నొక్కరాదు. బౌమన్ కాలపు వ్రేలిపరీక్ష శిక్షితుడైన వైద్యునికే చెల్లును. కన్ను చీలియుండవచ్చునను అనుమానమున్నపుడు వైద్యుడు సైతము ఆ పరీక్ష చేయడు. గుచ్చుకొనియున్న ముల్లును ఇంటివద్ద పెరుకరాదు. చనుబాలు, ఆకుపసరు, నూనె, అంగడిలో అడిగి కొన్న చుక్కలు వేయరాదు. కంటిపై దూదియుంచి బిగించి కట్టుటకు మారుగా, కంటికి తగులకుండ గట్టి కాగితపు దొన్నెనో, చిన్న గిన్నెనో ఎముకలపై ఆనించి కట్టవలెను. శస్త్రచికిత్స కావలసిరావచ్చును గనుక వైద్యుడు చూచువరకు ఆహారము పెట్టకుండుట మేలు. ధనుర్వాతపు సూది విషయము వైద్యుని అడుగవలెను.

మొద్దుదెబ్బ తగిలిన పిదప గాయము కనబడకున్నను రెండు కన్నులను విడివిడిగా మూసి చూచుకొనవలయును. ఒక కంటికి గోడ అంచో, కిటికీ కమ్మియో వంకరగా తోచినను, అక్షరములు మసకబారినను, ఆ కన్ను రెండవదానికంటె చిన్నదిగా కనిపించినను, నొప్పి లేదని ఊరకుండరాదు. చిల్లి పడిన కంటి వాపు అరుదుగా మంచికంటికి సైతము ప్రాకును. అంధులకు చుక్కలలిపిని ప్రసాదించిన లూయీ బ్రెయిల్ ఫ్రాన్సు దేశమున మూడేండ్ల వయస్సున తండ్రి పనిముట్టు గుచ్చుకొని ఒక కన్ను పోగొట్టుకొనెను. పిమ్మట రెండవ కన్నును పోయెను. ఆనాడు జైడెల్ పరీక్ష లేదు, సన్నని దారము లేదు, వాపునకు మందు లేదు. నేడవి యన్నియు నున్నవి. వానిని సకాలమున అందుకొనుట మాత్రము ఇంటివారి చేతిలోనిదే.